నరం ఒక్కటే మాట, జబ్బులు మూడు

తెలుగులో ‘నరం’ అన్న మాటకు పని ఎక్కువ. సెలైన్ పెట్టడానికి నర్సు చేతి మీద వెదికేది నరమే. పిక్కల మీద నీలంగా మెలికలు తిరిగి ఉబ్బేవీ నరాలే. మధుమేహ రోగి అరికాళ్ళు తిమ్మిరెక్కితే అదీ నరాల బలహీనతే. వైద్యశాస్త్రం దృష్టిలో ఇవి ఒకటి కావు. గుండె నుంచి కాలికి రక్తాన్ని తెచ్చేది ధమని. కాలి నుంచి గుండెకు తిరిగి చేర్చేది సిర. స్పర్శను మెదడుకు, మెదడు ఆజ్ఞను కండరానికి మోసేది నాడి.

ఇంటి మాటల్లో ఈ మూడింటినీ ఒకే పేరుతో పిలిచినందువల్ల నష్టమేమీ లేదు. అయితే ‘కాళ్ళ నరాలు లాగుతున్నాయండీ’ అని రోగి అనగానే, చీర అంచునో ప్యాంటునో మోకాలి వరకు పైకి తీయించి చూడకుండానే నరాల బిళ్ళలు, బలానికి సూదులు రాసే అలవాటు వల్ల మాత్రం నష్టం ఉన్నది. ఎందుకంటే ఈ మూడు జబ్బులకూ చికిత్స ఒకటి కాదు. ఒకదానికి మేలు చేసేది మరొకదానికి కీడు చేయగలదు.

మొదట సిరల సంగతి. నిలబడిన మనిషి పాదంలోని రక్తం గుండెకు చేరాలంటే సుమారు నాలుగడుగులు ఎగువకు ఎక్కాలి. పిక్క కండరాలు బిగిసినప్పుడల్లా సిరలను పిండి రక్తాన్ని పైకి తోస్తాయి. తోసిన రక్తం వెనక్కు జారకుండా సిరల లోపల చిన్న కవాటాలు అడ్డుపడతాయి. ఇటలీలోని పాడువాలో ఫాబ్రీసియస్ అనే శరీరశాస్త్ర ఆచార్యుడు 1603లో ఈ కవాటాలను వర్ణించాడు. ఆయన శిష్యుడు విలియం హార్వే 1628లో రక్తప్రసరణ సిద్ధాంతాన్ని ప్రకటించినప్పుడు, రక్తం ఒకే దిశలో పోతుందనడానికి వాటినే సాక్ష్యంగా చూపాడు.

ఈ కవాటాలు పాడైతే రక్తం కిందనే నిలిచిపోయి సిరలు ఉబ్బుతాయి. వంశపారంపర్యం, గర్భధారణ, వయసు, స్థూలకాయం ఇందుకు దోహదం చేస్తాయి. సాయంత్రానికి కాళ్ళు బరువెక్కడం, చీలమండల వద్ద వాపు, కాళ్ళు ఎత్తు మీద పెట్టుకొని పడుకొంటే ఉపశమనం దీని లక్షణాలు. నిర్లక్ష్యం చేస్తే చీలమండ లోపలి వైపు చర్మం నల్లబడి, దురద పుట్టి, చివరకు పుండు పడుతుంది. ఆ పుండుకు ఏళ్ళ తరబడి కట్లు కట్టించుకొనేవారు ఉన్నారు. పుండుకు మూలమైన సిరను మాత్రం ఎవరూ చూడరు. బ్రిటన్‌లో 450 మంది రోగులపై జరిగి 2018లో వెలువడిన ఒక పరిశోధన ఈ విషయంలో చెప్పుకోదగినది. అందరికీ బిగుతు కట్టు చికిత్స చేశారు. దానితో పాటు పాడైన సిరను త్వరగా మూసివేసిన వారిలో పుండు మానడానికి మధ్యస్థంగా 56 రోజులు పట్టింది, ఆ పనిని వాయిదా వేసిన వారిలో 82 రోజులు పట్టింది.

ఇక ధమనుల జబ్బు దీనికి పూర్తిగా విరుద్ధం. కొంత దూరం నడవగానే పిక్క పట్టేస్తుంది, ఆగితే తగ్గుతుంది, మళ్ళీ నడిస్తే మళ్ళీ వస్తుంది. పాదం చల్లగా ఉంటుంది. జబ్బు ముదిరితే రాత్రిపూట నొప్పి మొదలై, కాలు మంచం మీది నుంచి కిందికి వేలాడదీస్తేనే హాయిగా ఉంటుంది. బీడీ, చుట్ట, సిగరెట్టు తాగేవారిలోను, మధుమేహం ఉన్నవారిలోను ఇది ఎక్కువ. సిరల రోగికి మేలు చేసే బిగుతు మేజోళ్ళను ధమనులు బాగా మూసుకుపోయిన కాలికి తొడిగితే, వచ్చే కాస్త రక్తం కూడా తగ్గి కాలికే ప్రమాదం రావచ్చు.

మూడవది నాడుల జబ్బు. అరికాళ్ళ మంటలు, తిమ్మిరి, దూది మీద నడుస్తున్నట్లు ఉండడం, కాలి నుంచి చెప్పు జారినా తెలియకపోవడం దీని గుర్తులు. విటమిన్ బి12 లోపించిన వారికి ఆ సూదులు నిజంగా అవసరమే, కాదనను. కాని ఆ సూది పాడైన కవాటాన్ని బాగుచేయదు, మూసుకుపోయిన ధమనిని తెరవదు.

వీటిలో చేరని అత్యవసర స్థితి ఒకటి ఉన్నది. ఆపరేషన్, కాన్పు, కాలికి కట్టు, సుదీర్ఘ ప్రయాణం వంటి వాటి తరువాత ఒక్క కాలే హఠాత్తుగా వాచి నొప్పి పుడితే, లోతు సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించాలి. నూనె రాసి మర్దన చేయకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం పోవచ్చు. ఆయాసం గాని ఛాతీ నొప్పి గాని తోడైతే క్షణం ఆలస్యం చేయరాదు. మన ప్రాంతంలో కాలి వాపు అనగానే బోదకాలు అనుకొని ఊరుకోవడం కూడా ఇటువంటి ఆలస్యాలకు ఒక కారణం.

‘ఓపీలో అంత రద్దీలో ఇవన్నీ చూసే తీరిక ఎక్కడిది?’ అని నా వృత్తి సోదరులు అడగవచ్చు. నేనూ ప్రభుత్వ వైద్యుడిగా ఆ రద్దీలోనే పని చేశాను. రోగిని నిలబెట్టి కాళ్ళు చూడడం, పాదం మీద, చీలమండ వెనుక ధమని కొట్టుకొంటున్నదో లేదో వేలితో తడిమి చూడడం, దూదితో తాకి స్పర్శ పరీక్షించడం రెండు మూడు నిమిషాల పని. ఖర్చు లేదు. డాప్లర్ స్కాన్ ఎవరికి అవసరమో ఆ రెండు మూడు నిమిషాలే చెబుతాయి. స్కాన్ చేయకుండా, కనిపించిన ప్రతి నీలి గీతకూ లేజర్ చేయించుకొమ్మనే ప్రకటనలనూ అంతే జాగ్రత్తగా చూడాలి.

వైద్యుల మీదనే భారం వేసి ఊరుకోవడం న్యాయం కాదు. బట్టల దుకాణాలలో ఆడపిల్లలు పొద్దుటి నుంచి రాత్రి వరకు నిలబడే ఉంటారు. బేరం లేని వేళ కూడా కూర్చోనివ్వరు. కదలకుండా నిలబడితే పిక్క కండరం పని చేయదు, సిరలలో ఒత్తిడి పెరుగుతుంది. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల చట్టాలను సవరించి, పనివారికి కూర్చొనే సదుపాయం కల్పించాలని ఆదేశించాయి. మన పట్టణాల యజమానులు ఒక ఎత్తుపీట వేయడానికి చట్టం కోసం ఎదురు చూడనక్కరలేదు. బేరం లేనప్పుడు కూర్చున్న అమ్మాయిని చూసి ఏ కొనుగోలుదారుడూ వెనుదిరిగి పోడు.

ఉబ్బిన సిరలు ఉన్నవారు గుర్తుంచుకోవలసిన మాట ఇంకొకటి. ఆ సిర చిట్లితే రక్తం ధారగా కారి మనిషిని బెదరగొడుతుంది. పైన తాడుతో బిగించి కట్టకండి. వెంటనే పడుకొని, కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో రక్తం కారేచోట గట్టిగా అదిమి పట్టండి. తరువాత వైద్యుడి దగ్గరకు వెళ్ళండి.

ఇకమీదట కాలి నొప్పికి చీటీ రాయించుకొనేటప్పుడు మర్యాదగా ఒక్క ప్రశ్న అడగండి: ‘డాక్టరుగారూ, నాది సిరల జబ్బా, ధమనుల జబ్బా, నాడుల జబ్బా?’ మంచి వైద్యుడు నొచ్చుకోడు. కాలు చూసి మరీ జవాబు చెబుతాడు.