ఎంగిలి కంచం ఎవరు తీయాలి?

గత సెప్టెంబరు 5వ తేదీన మా వెంకటాచలం మండలంలో ఒక పాఠశాలవారు నన్ను ఉపన్యాసానికి పిలిచారు. రాధాకృష్ణన్‌గారి ఇంటిపేరైన సర్వేపల్లి ఈ మండలంలోనే వున్నది. కనుక ఉపాధ్యాయ దినోత్సవం నాడు మాకు ఉపన్యాసాల కరువుండదు. నాకిచ్చిన విషయం శ్రమ గౌరవం. ముప్పావు గంట మాట్లాడాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత భోజనాలు. మగపిల్లలు తిని, విస్తళ్ళు అక్కడే వదిలి ఆటకు పరుగెత్తారు. ఆడపిల్లలు వాటిని ఎత్తారు. నేల వూడ్చడానికి మాత్రం ఇద్దరు మగపిల్లల్ని పేరు పెట్టి పిలిచారు. ఇద్దరూ యానాది కాలనీ పిల్లలు. ఆ ఇద్దర్నే ఎందుకు పిలిచారని ఎవరూ అడగలేదు. శ్రమ గౌరవం మీద ముప్పావు గంట మాట్లాడినవాడు కూడా అడగలేదు.

పిల్లలకు ఇంటిపనులు నేర్పాలని చెప్పేవారు ఈనాడు తక్కువేమీ కాదు. బాధ్యత అలవడుతుందంటారు, చేతికి నేర్పు వస్తుందంటారు, తన పని తాను చేసుకోగలనన్న ధైర్యం కలుగుతుందంటారు. అన్నీ నిజాలే. అయితే ఇంటిపని ఇన్ని సుగుణాలిచ్చే కామధేనువే అయినప్పుడు, దాన్ని తరతరాలుగా ఆడపిల్లలకే ఎందుకు కట్టబెట్టాం? మగపిల్లవాడి మీద మనకంత పగ ఎందుకు?

కేంద్ర ప్రభుత్వం 2019లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఆరేళ్ళు, ఆపై వయసువారిలో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు నూటికి 81 మంది. పురుషులు 26 మంది. చేసేవారినే తీసుకున్నా, స్త్రీ రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తుంటే పురుషుడు 97 నిమిషాలు వెచ్చిస్తున్నాడు. 2024లో మళ్ళీ లెక్కగట్టారు. స్త్రీకి 289, పురుషునికి 88. ఐదేళ్ళ ప్రగతి ఇది! స్త్రీకి తగ్గిన పది నిమిషాలు పురుషుడు అందుకోలేదు సరికదా, తన తొమ్మిది నిమిషాలు కూడా దించుకున్నాడు. ఈ లెక్క ఆరేళ్ళ వయసు నుంచీ మొదలవుతున్నదని మరిచిపోకూడదు.

కనుక నేను చెప్పదలచింది సుగుణాల గురించి కాదు. ఎంగిలి కంచం వదిలి లేచే పిల్లవాడు నేర్చుకునేది బద్ధకం ఒక్కటే కాదు. తన తిండి వెనకనున్న చాకిరీ మరొకరిదనీ, ఆ మరొకరు తనకన్నా తక్కువవారనీ నేర్చుకుంటున్నాడు. ఇంట్లో ఆ మరొకరు తల్లి, అక్క. బడిలో యానాది పిల్లవాడు. రేపు ఆఫీసులో ఇంకెవరో. దోపిడీ ఏమిటో పుస్తకంలో చదవకముందే, దాన్ని అనుభవించే సుఖం మన పిల్లలకు మనమే మరిగిస్తున్నాం.

ఈ మాటకు మూడు వైపులనుంచి అభ్యంతరాలు వస్తాయి.

మొదటిది తల్లిదండ్రులది. "ఏంది సార్ మీరు చెప్పేది? వాడి పని చదువుకోవడమే గదా!" అంటారు. పొద్దున ఐదింటికి లేపి, రాత్రి పదింటికి పడుకోబెట్టే హాస్టళ్ళలో పిల్లల్ని చేర్చి, ర్యాంకు తప్ప మరేమీ ఆశించనివారి వాదమిది. అరగంట అంట్లు తోమితే పోయే చదువు ఏపాటి చదువు? అదే ఇంట్లో ఆడపిల్ల కసువూడ్చి, నీళ్ళు పట్టి, బడికి వెళ్ళి, అన్నకన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నప్పుడు ఈ వాదం ఎక్కడ దాక్కుంటుంది?

రెండవది మన మిత్రులనుంచే వస్తుంది: "పిల్లలచేత పని చేయించమనడం బాలకార్మికత్వాన్ని సమర్థించడం కాదా?" ఈ ప్రశ్న గౌరవించదగ్గది. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచీ ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ బడికి పోని ప్రతి బిడ్డా బాలకార్మికుడేనని చెబుతూ పనిచేసింది. తల్లి కూలికి వెళితే ఇంటి దగ్గర చంటిపిల్లను ఎత్తుకున్న ఎనిమిదేళ్ళ బాలిక కూడా వారి లెక్కలో కార్మికురాలే. ఆ లెక్క సరైనది. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఇళ్ళలో పనివాళ్ళుగా పెట్టుకోవడాన్ని 2006 అక్టోబరులో నిషేధించారు. కానీ 2016 చట్టసవరణ, బడివేళలు కాకపోతే పిల్లలు కుటుంబ వృత్తిలో సాయం చేయవచ్చని తలుపు తెరిచింది. కుటుంబ వృత్తి అన్న మాట వెనక కులవృత్తి నిలబడి వున్నది. ఆ తలుపు మూయించవలసిందే.

అయితే సంపాదనకోసం పిల్లవాడి శ్రమను పిండడం వేరు. తాను తిన్న కంచం తాను కడగడం వేరు. గుర్తు సులభం. ఆ పనివల్ల బడి గాని, ఆట గాని, నిద్ర గాని పోతే అది దోపిడీ. ఒక బిడ్డకే అప్పగించి మరొక బిడ్డను తప్పిస్తే అది పెత్తనం. ఇంటిల్లిపాదీ, తండ్రితో సహా, వయసుకు తగినంత పంచుకుంటే అది సహజీవనం. పేదింటి ఆడపిల్ల చేతిలోని పని తగ్గాలి. మన ఇళ్ళలోని మగపిల్లవాడి చేతికి పని రావాలి. ఈ రెండూ ఒకే పోరాటం.

మూడవ అభ్యంతరం సిద్ధాంతకర్తలది. ఇంటి చాకిరీ స్త్రీని అణగదొక్కుతున్నదని 1919లోనే లెనిన్ రాశాడు. ఉమ్మడి వంటశాలలు, శిశుసదనాలు పరిష్కారమన్నాడు. కనుక వ్యవస్థ మారాలి గాని పిల్లవాడి చేత చీపురు పట్టిస్తే ఏం మారుతుందని వీరి ప్రశ్న. వ్యవస్థ మారవలసిందే, సందేహం లేదు. కానీ అంతవరకూ అంట్లు ఎవరు తోముతారో ఈ మిత్రులు చెప్పరు. చెప్పనక్కరలేదు; వారు సభలో మాట్లాడుతున్న వేళకు వారి ఇంట్లో ఎవరో తోముతూనే వుంటారు. పైగా చీపురు తన చేతిదికాదని పెరిగిన మగవాడు రేపటి ఉమ్మడి వంటశాలలో మాత్రం గరిటె పట్టుకుంటాడా? అక్కడా వడ్డించుకుని తినేవాడుగానే కూచుంటాడు.

ఇతరుల సంగతి అలా వుంచి, నా ఇంటి సంగతి చెబుతాను. మాకు పదకొండేళ్ళ అమ్మాయి, తొమ్మిదేళ్ళ అబ్బాయి. నా భార్య కూడా ఉపాధ్యాయురాలే. కాలేజీలో విమల రాసిన 'వంటిల్లు' కవితను ఆవేశంగా చదివి వినిపించిన రోజున ఇంటికి వచ్చి, మంచినీళ్ళకు అమ్మాయిని కేకేశాను. అబ్బాయి నా పక్కనే బొమ్మల పుస్తకం తిరగేస్తున్నాడు. అమ్మాయి నీళ్ళు తెచ్చిచ్చి, "నాన్నా, ఎప్పుడూ నన్నే పిలుస్తావేం? తమ్ముడికి కాళ్ళు లేవా?" అన్నది. నా దగ్గర సమాధానం లేదు. నేను పెరిగిన ఇంట్లో నన్నెవరూ అలా పిలవలేదు. ఆ సుఖం నా ఒంట్లోనే వున్నది.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరి కంచం వారు కడుగుతున్నాం. రాత్రి అంట్లు ఒకరోజు నావి, ఒకరోజు నా భార్యవి. కసువు పిల్లలిద్దరికీ వంతులు. అబ్బాయి మొదట ఏడ్చాడు. మా అమ్మ అంతకన్నా ఎక్కువ బాధపడింది, "మగబిడ్డ చేత చీపురు పట్టిస్తావా నాయనా" అని. నెల తిరిగేసరికి వాడే, తాను వూడ్చిన చోట చెప్పులతో నడిచినందుకు నన్ను కోప్పడ్డాడు. శ్రమ గౌరవం మీద నేనిచ్చిన ఉపన్యాసాలన్నిటికన్నా ఆ కోపం విలువైనది.

వచ్చే సెప్టెంబరులో ఆ పాఠశాలవారు నన్ను మళ్ళీ పిలిస్తే వెళతాను. ఉపన్యాసం తగ్గించుకుంటాను. భోజనాలయ్యాక నా విస్తరి నేనే తీసి, ఉపాధ్యాయుల్నీ మగపిల్లల్నీ లేవమంటాను. చీపురుకు ఆ ఇద్దర్నే ఎందుకు పిలుస్తున్నారని ఈసారి అడుగుతాను. ఈ పత్రిక చదివే ఉపాధ్యాయ మిత్రులు తమ తమ బడుల్లో అడగడానికి సెప్టెంబరు దాకా ఆగనక్కరలేదు.