పాత ల్యాప్‌టాప్‌కి కొత్త కెర్నల్ ఎందుకు బాస్?

విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయాక మా మైదుకూరులో కూడా పాత ల్యాప్‌టాప్‌లలోకి ఉబుంటు ఎక్కుతోంది. మంచిదే. కానీ నా దగ్గరకొచ్చే కంప్లైంట్ మాత్రం ఒక్కటే: "అన్నా, అప్‌డేట్ కొట్టినా, వైఫై పోయింది."

సూటిగా చెప్తా. ఐదారేళ్లు దాటిన మెషీన్‌కి కొత్త కెర్నల్ వెంట పరుగెత్తాల్సిన పని లేదు.

ఒకే సిస్టంలో రెండు మూడు కెర్నళ్లు ఉండటం తప్పేం కాదు. కొత్తది బూట్ కాకపోతే గ్రబ్ మెనూలో పాతది ఎంచుకుని బతికిపోవచ్చు. చిక్కంతా వాటి చుట్టూ ఉన్న ప్యాకేజీలతోనే. బ్రాడ్‌కామ్ వైఫై, ఎన్విడియా లాంటి డ్రైవర్లను డీకేఎంఎస్ ప్రతి కెర్నల్‌కీ విడివిడిగా కంపైల్ చేస్తుంది. అందుకు ఆ కెర్నల్ హెడర్లు, సరైన కంపైలర్ ఉండాలి. 2024 మొదట్లో ఉబుంటు 22.04కి వచ్చిన హెచ్‌డబ్ల్యూఈ 6.5 కెర్నల్‌నే చూడండి. దాన్ని బిల్డ్ చేసింది జీసీసీ-12తో, 22.04లో డిఫాల్ట్‌గా ఉండేదేమో జీసీసీ-11. చాలామందికి ఎన్విడియా మాడ్యూల్ అక్కడే ఫెయిలైంది. ఒక్క మాడ్యూల్ ఫెయిలైనా ఆ కెర్నల్ ప్యాకేజీ సగం కాన్ఫిగర్ అయి ఆగిపోతుంది. ఆ తర్వాత ఏది ఇన్‌స్టాల్ చేయబోయినా ఏపీటీ అదే ఎర్రర్ చూపిస్తుంది.

ఇంకో రకం ఉన్నారు. యూట్యూబ్ వీడియో చూసి మెయిన్‌లైన్ కెర్నల్ డెబ్ ఫైళ్లు దించుకుంటారు. 22.04లో ఉండేది లిబ్‌సీ6 2.35. కొత్త మెయిన్‌లైన్ హెడర్ల ప్యాకేజీ 2.38 అడుగుతుంది. "అదీ లాక్కొచ్చి పెట్టేద్దాం" అని 24.04 నుంచి లిబ్‌సీ తెచ్చి ఎక్కించారనుకోండి... సిస్టంలో దాదాపు ప్రతి ప్రోగ్రామూ దాని మీదే నిలబడి ఉంది, ఇక మీ ఇష్టం. వ్యూస్ ఆయనకి, రీఇన్‌స్టాల్ మీకు.

వైఫై పోతే, దాన్ని సరిచేసే ప్యాకేజీ దించుకోవడానికీ నెట్ ఉండదు. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, దానికి వేరే డ్రైవర్ అక్కర్లేదు.

నేనైతే 22.04 మెషీన్లలో 5.15 కెర్నలే ఉంచుతా. సెక్యూరిటీ అప్‌డేట్లు 2027 ఏప్రిల్ దాకా వస్తాయి. ముందు లైనక్స్-జెనెరిక్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి, గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నుంచి 5.15లోకి బూట్ అవ్వండి. వైఫై, సౌండ్, స్క్రీన్ అన్నీ చూసుకున్నాకే హెచ్‌డబ్ల్యూఈ మెటాప్యాకేజీనీ, 6 సిరీస్ కెర్నళ్లనీ తీసేయండి. అవి ఉన్నంతవరకు గ్రబ్ పెద్ద నంబర్‌నే డిఫాల్ట్‌గా తీసుకుంటుంది.

కొత్త ల్యాప్‌టాప్ అయితే లెక్క వేరు. దాని ప్రాసెసర్, వైఫై చిప్ 5.15కి తెలియకపోవచ్చు, అప్పుడు హెచ్‌డబ్ల్యూఈ కావాల్సిందే. కానీ ఉబుంటు డెస్క్‌టాప్ ఈ తేడా అడగదు, అందరినీ అదే బండి ఎక్కిస్తుంది. ఇన్‌స్టాలర్‌లో ఒక్క ప్రశ్న పెడితే ఏం పోతుంది?