అడగాల్సింది పిల్లల్ని!

మా అమ్మాయికి ఏడేళ్ళు. ఉబ్బసం ఉంది. ఇక్కడ ఇంగ్లండ్‌లో ఆ మధ్య క్లినిక్‌కి తీసుకెళ్తే డాక్టరుగారు "ఎలా ఉంటోంది?" అని అడిగారు. ఎవర్ని? నన్ను! "బాగానే ఉందండీ" అన్నాను. గొట్టంలోకి ఊదే పరీక్ష కూడా నార్మలే. లేవబోతుంటే నర్సు ఒక కాగితం చేతిలో పెట్టింది.

దాని పేరు చైల్డ్‌హుడ్ ఆస్తమా కంట్రోల్ టెస్ట్. 4 నుంచి 11 ఏళ్ళ పిల్లల కోసం. ఏడు ప్రశ్నలు. మొదటి నాలుగింటికీ పిల్లలే జవాబు చెప్పాలి: ఇవాళ ఎలా ఉంది, పరిగెత్తితే ఇబ్బందిగా ఉందా, దగ్గు వస్తోందా, రాత్రి మెలకువ వస్తోందా. ఏడుపు మొహం నుంచి నవ్వు మొహం దాకా ఉన్న బొమ్మల్లో ఒకటి చూపిస్తే చాలు. మిగతా మూడూ గత నాలుగు వారాల గురించి, పెద్దవాళ్ళకి. మొత్తం 27 మార్కులు. 19 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే ఉబ్బసం అదుపులో లేనట్టే అనుకోవాలి.

నా వంతు 15కి 14 వేశాను. అమ్మాయి తన వంతు 12కి 4 వేసుకుంది. మొత్తం 18! "స్కూల్లో బాగా ఆడతావు కదమ్మా?" అంటే, "పరిగెత్తితే దగ్గొస్తుంది నాన్నా, అందుకే గోల్ దగ్గర నిలబడతా" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. నర్సు ఇన్‌హేలర్ ఎలా వాడుతున్నామో చూసి, స్పేసర్‌తో పీల్చడం మళ్ళీ నేర్పింది. నెల తర్వాత 23 వచ్చింది.

ఇంగ్లండ్‌లో ఎన్.హెచ్.ఎస్. 2009 ఏప్రిల్ నుంచి తుంటి, మోకాలి మార్పిడి, గజ్జల్లో హెర్నియా, వేరికోస్ వెయిన్స్ ఆపరేషన్లకి ముందూ తర్వాతా రోగులనే అడిగి, ఆ లెక్కలు బయటపెట్టింది. చివరి రెండిటికీ 2017లో ఆపేశారు. ఆ జాతీయ కార్యక్రమంలో పిల్లల ఉబ్బసానికి మాత్రం చోటు దొరకలేదు. పిల్లలకి ఓటు లేదనా?

మార్కే సర్వస్వం అనను. కొందరు పిల్లలు ఆయాసానికి అలవాటుపడి "బాగుంది" అనేస్తారు. ఊపిరితిత్తుల పరీక్షా కావాలి, డాక్టరు చెవీ కావాలి. ఫారం నింపి ఫైల్లో పెట్టేస్తే అదీ దండగే. తక్కువ మార్కు వస్తే ఆ రోజే ఏదో ఒకటి మారాలి.

ఇక మన సంగతి. క్లినిక్‌లో పిల్లల బదులు మనమే జవాబులు చెప్పేస్తాం. సెలవులకి వెళ్ళినప్పుడు ఊళ్ళో మెడికల్ క్యాంపు పెట్టి, ఎంతమందికి మందులిచ్చామో ఫ్లెక్సీ మీద వేయించుకుంటాం. నెల తర్వాత ఆ పిల్లలు దగ్గకుండా నిద్రపోతున్నారా అని ఎప్పుడైనా అడిగామా? అడగడానికి ఖరీదైన మిషన్లేవీ అక్కర్లేదు. "వీజింగ్ ఉందా?" అంటే అమ్మమ్మ తెల్లమొహం వేస్తుంది. "పిల్లికూతలు వస్తున్నాయా?" అంటే వెంటనే చెబుతుంది.

అందుకని రెండు పనులు చేద్దాం. ఇక్కడ మన ఎంపీలకి రాసేటప్పుడు, పిల్లల శ్వాస వైద్యంలో పిల్లలు ఇచ్చిన మార్కుల్ని కూడా లెక్కగట్టి ప్రచురించమని అడుగుదాం. అక్కడ క్యాంపు పెట్టేవాళ్ళు, నెల తర్వాత మళ్ళీ అడగడానికి ఒక మనిషిని పెట్టుకున్నాకే మందుల పెట్టె విప్పండి.