పదేండ్లు పనిచేసినా ఆపరేటరేనా?

ఏ మండలానికైనా పోయి తహసీల్ ఆఫీసులో ఒక పూట కూసొని చూడండి. చాలాచోట్ల జూనియర్ అసిస్టెంట్ కుర్చీ ఖాళీగ కనబడుతది. పక్కన కంప్యూటర్ ముంగట మాత్రం ఒక మనిషి తల ఎత్తకుండ పని చేస్తుంటడు. కుల సర్టిఫికెట్ కావాలన్నా, ఆదాయం సర్టిఫికెట్ కావాలన్నా, కలెక్టరేట్ అడిగిన నివేదిక రాత్రి ఎనిమిదింటికి పోవాలన్నా ఆ చేతుల మీదుగనే. 2020 అక్టోబర్ 29న ధరణి మొదలైన నాటి నుంచి భూముల రిజిస్ట్రేషన్ భారం కూడా తహసీల్ ఆఫీసు మీదనే పడ్డది. 2025 ఏప్రిల్‌లో ధరణి పోయి భూభారతి వచ్చింది. పేరు మారింది, ముఖ్యమంత్రి మారిండు, మీటలు నొక్కే వేళ్లు మారలేదు. డిజిటల్ సంతకం అధికారిది, దాన్ని కంప్యూటర్‌కు పెట్టి నడిపేది ఆపరేటర్. ఎక్కడన్న సర్వే నంబర్ తప్పు పడితే మాత్రం "ఆపరేటర్ తప్పిదం" అని పత్రికల్లో వస్తది. తప్పు జరిగిననాడే ఆయన ఆఫీసు మనిషి. జీతం నాడు ఏజెన్సీ మనిషి.

ఆ జీతమెంతో చూద్దాం. 30 శాతం పెంచినమని 2021 జూన్‌లో సర్కారు గొప్పగ చెప్పుకున్న ఉత్తర్వుతో డాటా ఎంట్రీ ఆపరేటర్ జీతం 15,000 నుంచి 19,500 అయింది. పీఎఫ్, ఈఎస్ఐ, వృత్తిపన్ను కోసుకోంగ చేతికొచ్చేది పదిహేడు వేల చిల్లర. అదే బల్ల కాడ, అదే ఫైలు మీద కూసునే రెగ్యులర్ జూనియర్ అసిస్టెంట్‌కు అదే ఏడాది అమలైన పీఆర్సీలో మూలవేతనమే 24,280తో మొదలై 72,850 దాకా పోతది. డీఏ, ఇంటి కిరాయి వేరే. ఈ తేడా తక్కువదేం కాదు. అయితే మేము ఇయ్యాల మాట్లాడేది జీతం గురించి మాత్రమే కాదు.

రెగ్యులర్ కొలువులో చేరినోనికి మెట్లున్నయి. డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాసైతే సీనియర్ అసిస్టెంట్, ఆ మీద సూపరింటెండెంట్. రెవెన్యూలోనైతే నాయబ్ తహసీల్దార్, అదృష్టం బాగుంటే తహసీల్దార్ దాకా పోవచ్చు. రెగ్యులర్ అటెండర్ కూడా చదువు ఉంటే రికార్డ్ అసిస్టెంట్ అయితడు, జూనియర్ అసిస్టెంట్ అయితడు. డిగ్రీ చదివి, టైపు నేర్చి, పదేండ్లుగ ఆఫీసు మోస్తున్న ఆపరేటర్‌కు ఏమున్నది? మొదటి నాడు ఆపరేటర్, పదకొండో ఏట ఆపరేటర్. ప్రమోషన్ అన్న మాట ఆయన విషయంలో పుట్టనే లేదు. ఎందుకంటే సర్కారు కాయిదాల్లో ఆయన ఉద్యోగి కాదు, టెండర్ పెట్టి కొనుక్కున్న 'సేవ'. స్టేషనరీ కొన్నట్టు, కారు కిరాయికి తీసుకున్నట్టు! ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్త కాయిదం, కొత్త ఐడీ కార్డు. అనుభవం సర్టిఫికెట్ అడిగితే ఆఫీసు ఏజెన్సీ దిక్కు చూపిస్తది, ఏజెన్సీ ఏమో "మేము నిరుడే వచ్చినం" అంటది. ఎనిమిదేండ్ల నౌకరి ఎనిమిది ముక్కలైతది.

గుమాస్తా కుర్చీ చిన్నదని ఎవరన్న అనుకుంటే వాళ్లకు ఈ గడ్డ చరిత్ర తెల్వదు. 1952లో ముల్కీ పోరు ఈ కొలువుల కోసమే. 1969లో పోరగాండ్లు తుపాకులకు ఎదురు నిలిచింది ఈ కొలువుల కోసమే. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు లోయర్ డివిజన్ క్లర్క్ స్థాయి కొలువుల ప్రత్యక్ష నియామకాల్లో 80 శాతం జిల్లా వాళ్లకే అన్నయి. దాన్ని తుంగల తొక్కితే 1985లో జయభారత్ రెడ్డి కమిటీ 58,962 మంది లెక్క తేల్చింది, 610 జీవో వచ్చింది, అదీ అటకెక్కింది. 2014లో రాష్ట్రం వచ్చినంక 2018 ఉత్తర్వులతో స్థానికుల వాటా 95 శాతం చేసిండ్రు. మంచిదే. అయితే ఆ 95 శాతం దేనికి? ప్రత్యక్ష నియామకానికి. ఏజెన్సీ పంపిన మనిషికి నియామకమే లేదు, ఇగ వాటా ఎక్కడిది? నీళ్లు, నిధులు, నియామకాలు అని గొంతులు చించుకున్న నేలలో మూడో మాటను టెండర్ దారులకు అప్పజెప్పిండ్రు.

దీనికి పెద్దలు చెప్పే సలహా ఒకటున్నది. "చదువుకొని గ్రూప్స్ రాయొచ్చు కదా, ఎవరొద్దన్నరు?" అంటరు. వినడానికి బాగుంటది. 2018 తర్వాత గ్రూప్-4 నోటిఫికేషన్ మళ్లా పడ్డది 2022 డిసెంబర్ 1న. ఎనిమిది వేల చిల్లర పోస్టులకు తొమ్మిదిన్నర లక్షల మంది దరఖాస్తు పెట్టిండ్రు. ఒక్క కుర్చీకి వంద మందికి పైన! పరీక్ష 2023 జులైలో, ఎంపిక జాబితా 2024 నవంబర్‌లో. పొద్దుగాల చిక్కడపల్లి లైబ్రరీలో కూసొని రాత్రి దాకా చదివేటోనితో, రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు తాళం వేసి ఇంటికి పోయేటోన్ని పోటీ పెట్టి, ఓడిపోతే "నీకు తెలివి లేదు" అనుడు న్యాయమా? పదేండ్లు ఆ పనే చేసిన మనిషి, ఆ పనికి పనికొస్తడా లేదా తెలుసుకునేటందుకు రాసే పరీక్షలో ఆ పదేండ్లకు ఒక్క మార్కు కూడా లేదు.

కోర్టుల పేరు చెప్పి తప్పించుకునుడు ఇంకొకటి. 2006లో ఉమాదేవి కేసు తీర్పు వచ్చినప్పటి నుంచి ప్రతి సర్కారూ దాన్ని గొడుగు తీరు పట్టుకొని తిరుగుతున్నది. అదే సుప్రీంకోర్టు 2016లో జగ్జీత్ సింగ్ కేసులో తాత్కాలిక ఉద్యోగులకు కూడా సమాన పనికి సమాన వేతనం అన్నది. 2024 డిసెంబర్‌లో జగ్గో కేసులో, ఏండ్ల తరబడి అవసరమైన పని చేయించుకొని ఉమాదేవి తీర్పును అడ్డం పెట్టుకునుడు తగదన్నది. మరి ఈ తీర్పులు మన సచివాలయంలో ఎవరికీ కనబడయా?

చెయ్యాలనుకుంటే దారి లేదనుడు కూడా అబద్ధమే. 2023లో వీఆర్‌ఏలను వాళ్ల చదువును బట్టి పే స్కేలులోకి తీసుకున్నరు. డిగ్రీ, ఆ పైన చదివినోళ్లకు జూనియర్ అసిస్టెంట్ కొలువు ఇచ్చిండ్రు. అదే ఏడాది ఏప్రిల్ 30న 5,544 మంది కాంట్రాక్ట్ ఉద్యోగులను క్రమబద్ధీకరించిండ్రు, అందులో అవుట్‌సోర్సింగ్ లెక్క లేదు. స్టాఫ్ నర్సుల నియామకం ఇంకా బాగ చూడవలసింది. పరీక్షకు 80 మార్కులు పెట్టి, సర్కారు దవాఖానల్లో కాంట్రాక్ట్, అవుట్‌సోర్సింగ్ మీద చేసిన సేవకు 20 మార్కులు పెట్టిండ్రు. ఆకాశం ఊడిపడలేదు. నర్సమ్మ సేవకు మార్కులున్నప్పుడు ఆపరేటర్ సేవకు ఎందుకుండయి? ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆప్కాస్ పెట్టి ఏజెన్సీలను పక్కకు పెట్టిండ్రు, దళారీ పోయిండు కాని పైకి పోయే మెట్టు అక్కడా రాలేదు. కార్పొరేషన్ పెడుతం అని ఇక్కడ ఎవరన్న అంటే ఆ సంగతి ముందు అడగాలె.

ఈ మాట అనంగనే కొందరు నిరుద్యోగ తమ్ముండ్లను ఎగదోస్తరు. "ఆపరేటర్లకు ఇస్తే మీ పోస్టులు పోతయి" అని. తమ్ముండ్లూ, మీ నోటికాడి బుక్క గుంజుకొని ఇంకొకని కడుపు నింపమంటలేము. మీ పోస్టును ఖాళీగ పెట్టింది ఆపరేటర్ కాదు. 19,500కు పని నడుస్తున్నన్ని రోజులు 24,280 పోస్టుకు నోటిఫికేషన్ ఎందుకు వేస్తరు? ఆయన చవుకగ దొరుకుతున్నడు కాబట్టే మీరు అశోక్‌నగర్‌లో ముసలోళ్లయితున్నరు. మీ ఇద్దరి పగోడు ఒక్కడే.

మేము అడిగేది లెక్కగనే అడుగుతున్నం. జీతం ట్రెజరీ నుంచి నేరుగ బ్యాంకు ఖాతాలో పడాలె. పనిచేసిన ప్రతి ఏడుకూ ఆఫీసు అధికారి దస్కతుతో సర్వీసు పుస్తకం ఉండాలె. గ్రూప్-4లో నర్సుల తీరుగ సేవకు మార్కులు పెట్టాలె. డిపార్ట్‌మెంటల్ టెస్టులు రాసే హక్కు ఇయ్యాలె, పాసైనోళ్లకు సీనియర్ ఆపరేటర్ అనో ఇంకొకటో పేరు పెట్టి జీతం పెంచాలె. ప్రతి ఏడాది మార్చి 31తో అవుట్‌సోర్సింగ్ గడువు ముగుస్తది, ఆర్థిక శాఖ కొనసాగింపు ఉత్తర్వు తీస్తది. అందులో శాఖ పేరుంటది, ఎంతమందో అంకె ఉంటది. ఈసారి తీసే ఉత్తర్వులో ఆ అంకె పక్కన మనుషుల పేర్లు, వాళ్లు ఆ ఆఫీసులో మొదట అడుగుపెట్టిన తేది రాయాలె.