విద్యావిషయములు: ఆక్స్‌ఫర్డా, కేంబ్రిడ్జియా?

సీమలోని ఈ రెండు విశ్వవిద్యాలయములలో ఏది ఘనమైనదని పురుషులు వాదించుకొనుట మీరు వినియే యుందురు. స్త్రీల పట్ల అవి నడచుకొన్న తీరును బట్టి తూచినచో త్రాసు వేరువిధముగా మొగ్గును.

తొలియడుగు కేంబ్రిడ్జిదే. స్త్రీలకై గిర్టను కళాశాల 1869లోను, న్యూన్‌హాము 1871లోను ఏర్పడెను. ఆక్స్‌ఫర్డున సోమర్‌విల్లు 1879లో గాని రాలేదు. 1890లో ఫిలిప్పా ఫాసెట్టను కన్య కేంబ్రిడ్జి గణితపరీక్షలో పురుషులలో ప్రథముని మించిన మార్కులు పొందెను. అయినను ఆమెకు పట్టము లేదు! 1897లో స్త్రీలకు పట్టములిచ్చు ప్రస్తావన రాగా, విద్యార్థులు సైకిలెక్కిన స్త్రీబొమ్మను వీథిలో వ్రేలాడగట్టి పరిహసించిరి. 1921లో న్యూన్‌హాము ద్వారమునే పగులగొట్టిరి. ఇది విద్యావంతుల వినోదము కాబోలు! ఆక్స్‌ఫర్డు 1920లోనే పట్టములొసగగా, కేంబ్రిడ్జి 1948 వరకు పూర్తి పట్టము నీయలేదు.

మన దేశపు కార్నీలియా సొరాబ్జీ 1889లో సోమర్‌విల్లున చేరి, 1892లో న్యాయశాస్త్రపరీక్ష వ్రాసినది. పట్టము చేతికందినది 1922లో!

తొలినాళ్లలో ఉపన్యాసమునకు పోవు కన్య వెంట కాపుగా ఒక పెద్దామె పోవలసియుండెను. అయినను తలుపు మూసికొని చదువుకొనుటకు ఆమెకొక గది యుండెడిది. వంటింటి పిలుపుల నడుమ పుస్తకము పట్టిన వారికి దాని విలువ వేరుగా చెప్పనేల? గురువునెదుట తన వ్యాసమును చదివి, ఆయన ప్రశ్నలకు తానే జవాబు చెప్పుకొను పద్ధతి రెండుచోట్లను నేటికిని కలదు.

ఆక్స్‌ఫర్డున స్త్రీలకే ప్రత్యేకమైయుండిన కడపటి కళాశాల సెయింట్ హిల్డాసు 2008లో పురుషులను చేర్చుకొనెను. కేంబ్రిడ్జిలోని న్యూన్‌హాము మాత్రము నేటికిని స్త్రీలదే.