తిరుగు బేరము

అమ్మిన సరకును అమ్మినవాడే తిరిగి కొందునని ముందునకు వచ్చుట వర్తకమున అరుదు. అట్లు వచ్చినపుడు అది దయయా, భయమా, ధర్మమా యని విచారింపక చేయి చాచుట తగదు. మోసగాని సొమ్ము మాకేల యని త్రోసివేయుటయు తగదు. 2016వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో వోక్స్‌వాగన్ కంపెనీ డీసెల్ కారులను కొనిన లక్షలాది జనుల యెదుట నిలిచిన ప్రశ్న యిదియే. ఆ గడువులు ముగిసి యేండ్లు గడచినను ఆ ప్రశ్నలోని న్యాయవిచారము ముగియలేదు. మన దేశమున మోటారు బండి కొను ప్రతివానికిని అది సంబంధించినదే.

ముందుగా నేరమెట్టిదో తెలిసికొనవలెను. డీసెల్ యంత్రము విడుచు పొగలో నైట్రజన్ ఆక్సైడులను విషవాయువులు కలవు. అవి ఊపిరితిత్తులకు కీడుచేయును. ఉబ్బసపు రోగులను, పసివారిని మరింత పీడించును. కంపెనీవారు తమ కారులలో నొక రహస్యపు సాఫ్ట్‌వేర్ నమర్చిరి. స్టీరింగు కదలికను, వేగమును కనిపెట్టి, ఇది పరీక్షాశాల యని గ్రహించినంతసేపు అది పొగను చక్కగా శుద్ధిచేయించుచుండెను. బండి వీధి కెక్కినతోడనే ఆ శుద్ధిని తగ్గించివేయుచుండెను. వీధిలో వెలువడు విషవాయువు చట్టము విధించిన మేరకు నలుబది రెట్లవరకు ఉండెనని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 2015 సెప్టెంబరు 18వ తేదీన ప్రకటించెను. ప్రపంచమంతట సుమారు 1 కోటి 10 లక్షల కారులలో ఈ సాఫ్ట్‌వేర్ కలదని కంపెనీవారే అంగీకరించిరి. ఈ కారులనే వారు ‘శుభ్రమైన డీసెల్’ అని చాటి అమ్మిరి!

2016 అక్టోబరు 25వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ న్యాయాధిపతి చార్లెస్ బ్రేయరుగారు ఆమోదించిన రాజీ ననుసరించి, రెండు లీటరుల యంత్రముగల సుమారు 4,75,000 కారుల సొంతదారులకు రెండు మార్గము లేర్పడినవి. కుట్ర బయలుపడుటకు మునుపటి ధరను లెక్కగట్టి కంపెనీకి కారును అమ్మివేయుట యొకటి. ప్రభుత్వ మామోదించిన మరమ్మతు చేయించుకొని కారును ఉంచుకొనుట రెండవది. ఏ మార్గము పట్టినను 5,100 డాలర్లు మొదలు సుమారు 10,000 డాలర్ల వరకు పరిహారము లభించును. రెండును వలదనువారు రాజీనుండి తొలగి వేరుగా దావా వేసికొనవచ్చును.

తిరిగి యిచ్చుటకు సమ్మతింపనివారి వాదములు తేలికగా త్రోసివేయదగినవి కావు. బండి చక్కగా నడచుచున్నది, తక్కువ నూనెతో ఎక్కువ దూరము పోవుచున్నది, దాని నేల విడువవలెనని కొందరనిరి. సొమ్ము పుచ్చుకొన్నచో నేరము కడిగివేసినట్లగునని మరికొందరనిరి. బాగుచేసినచో చాలదా యని ఇంకను కొందరనిరి.

మా యభిప్రాయమున, ఆ సొంతదారు కారును తిరిగి యిచ్చుటయే న్యాయము. బండి చక్కగా నడచుట మోసముయొక్క ఫలమేగాని దానికి సమాధానము కాదు. సొంతదారు మిగుల్చుకొన్న నూనె వెలను, ఆ వీధిలో నడచు బీదవాడు తన ఊపిరితో చెల్లించుచున్నాడు. తెలియక కొన్ననాడు సొంతదారు నిర్దోషి. తెలిసినపిమ్మట నడుపు ప్రతి మైలునకును ఆతడు కొంత బాధ్యుడే. ఇక మరమ్మతు సంగతి: ఈ కారులను మొదటి ప్రమాణమునకు పూర్తిగా తెచ్చు సాధ్యమైన మార్గము లేదని రాజీ పత్రములే యొప్పుకొన్నవి. రాజీ ఆమోదము పొందిననాటికి ఏ మరమ్మతునకును ప్రభుత్వానుమతియే రాలేదు. చూడని మరమ్మతును నమ్మి కారును ఉంచుకొనుట దొంగచేతికే మరల తాళపుచెవి యిచ్చినట్లు గాదా? తిరిగి యిచ్చిన కారును మాత్రము, ఆమోదించిన మరమ్మతు లేనిదే, కంపెనీవారు మరల అమ్మగూడదు.

సొమ్ము పుచ్చుకొన్నచో నేరము మాసిపోవునను భయమును నిరాధారమైనదే. కొనినవాని నష్టము వేరు, ప్రజలకు చేసిన నేరము వేరు. 2017లో కంపెనీ అమెరికా కోర్టులో నేరమంగీకరించి 280 కోట్ల డాలర్ల జరిమానాకు లోబడెను. ఇద్దరుద్యోగులకు కారాగారశిక్షయు పడెను. రాజీ వలన ఇవేవియు ఆగలేదు.

అయితే ఈ తిరుగు బేరమును కంపెనీవారి ఔదార్యమని యెవరును భ్రమపడరాదు. ఆ కంపెనీయే జర్మనీలో ఏమి చేసెనో చూడుడు. అచ్చట తిరుగు బేరము లేదు. సాఫ్ట్‌వేర్ మార్పుతో సరిపెట్టజూచిరి. 2020 మే 25న ఆ దేశపు అత్యున్నత సివిలు న్యాయస్థానము తీర్పు చెప్పినపిదపనే, వాడుకకు కొంత తగ్గించి వెలను తిరిగి పొందుహక్కు కొనినవారికి స్థిరపడెను. మన దేశమున 2015 డిసెంబరులో 3,23,700 కారులను సరిచేయుటకై వెనుకకు పిలుతుమనిరి. ధర తిరిగి యిత్తుమని మాత్రము అనలేదు. 2019 మార్చిలో జాతీయ హరిత ట్రిబ్యునలు 500 కోట్ల రూపాయల జరిమానా విధింపగా, బలవంతపు చర్య తీసికొనవలదని సుప్రీముకోర్టు ఆ మే నెలలో నుత్తరువు చేసెను. కంపెనీ యొకటే, మోస మొకటే. దాని వెలమాత్రము దేశమునకొక తీరు! చట్టము గట్టిగా నున్నచోట తులము నిండినది, లేనిచోట తేలిపోయినది.

2019లో మన మోటారు వాహనముల చట్టమునకు చేర్చబడిన 110-ఏ సెక్షను, లోపముగల వాహనములను వెనుకకు పిలిపించు అధికారమును కేంద్రప్రభుత్వమునకిచ్చి, తయారీదారుడు పూర్తి వెల యీయవలెను, లేదా మరియొక బండి నీయవలెను, లేదా బాగుచేయవలెనని విధించుచున్నది. పర్యావరణమునకు కలుగు హానియు ఇందు చేరియున్నది. సెక్షను పుస్తకములో నుండుట మేలే. కాని అడుగువారు లేని సెక్షను ఒరలోని కత్తివంటిది.

కావున బండి కొనువారు రసీదును, మరమ్మతు కాగితములను భద్రపరచుకొందురుగాక. లోపము తోచినపుడు ఒంటరిగా గొణుగుకొనక పదిమంది కలిసి అర్జీ పెట్టుదురుగాక. తిరుగు బేరము వచ్చిననాడు దానిని భిక్షయని తల వంచి కాక, బాకీయని తల యెత్తి పుచ్చుకొనవలెను. రాని నాడు దానిని రప్పించుటయే పౌరధర్మము.