తోడెవరని అడగొద్దు

ఉగాదికి ముందు కన్నడ భక్తులు నల్లమలలో నడిచే దారిలో, వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా నేనూ శ్రీశైలానికి నడిచాను. గుంపులు దాటిపోయాక అడవి ఎంత నిశ్శబ్దమో! ఆ నిశ్శబ్దంలోనూ ఒకటే ప్రశ్న: "తోడెవరమ్మా?" పులుల అడవిలో పులి గురించి ఎవరూ అడగలేదు.

12వ శతాబ్దంలో అక్క మహాదేవి రాజునీ, కట్టుబట్టనీ కాదని ఈ కొండకే ఒంటరిగా వచ్చిందంటారు. ఆమె విగ్రహానికి దండం పెడతాం, ఆమెలా నడిచే ఆడదాన్ని అనుమానిస్తాం. భక్తి ఉంటేనే ఆడదాని ఒంటరితనానికి క్షమాపణా? నాకు భక్తి లేదు. నడవాలనిపించింది. అది చాలదా?

"నీ భద్రత కోసమే" అంటారు. నెలసరి మొదలైన ఆ సాయంత్రం కొలను మెట్ల దగ్గర నాకు కావలసింది మగతోడు కాదు. బకెట్ నీళ్లు, గడియ ఉన్న తలుపు.